ఎన్నో రోజున తీసుకొచ్చారు?

సులోచన నర్సు ఉద్యోగంలో చేరి అప్పటికి ఇరవై ఆరేళ్లు. అందులో చివరి పద్నాలుగేళ్లు చిక్కడపల్లిలోని ఒక చిన్న సర్కారు దవాఖానాలోనే గడిచాయి. రాంనగర్ నుంచి పొద్దున్నే నడిచి వచ్చేది. పిల్లలకు టీకాలు, కడుపుతో ఉన్నవాళ్లకు బీపీ, ముసలివాళ్లకు షుగర్ గోలీలు, ఇదే రోజూ పని. అశోక్‌నగర్ నాలా పక్క బస్తీలో ఆమె గడప తొక్కని ఇల్లు లేదు. అక్కడ సిస్టరమ్మ అంటే ఆమె ఒక్కతే.

రెండువేల ఇరవై ఒకటి ఎండాకాలం ఆమెను పిండి ఆరేసింది. ఏప్రిల్, మే నెలల్లో కరోనా పరీక్షల కోసం పొద్దున ఆరింటికే గేటు ముందు జనం నిలబడేవారు. జూన్ చివరికి ఆ రద్దీ తగ్గింది గానీ, వెంటనే టీకాల వరస మొదలైంది. కుర్చీలో కూర్చుంటే మళ్లీ లేవాలనిపించని అలసట. రాత్రంతా పడుకున్నా తీరేది కాదు.

అలాంటి ఒక బుధవారం నాడు మంగ వచ్చింది. పాలమూరు వైపు మనిషి. గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పిల్లలుండే ఒక హాస్టల్లో వంట చేసేది. ఆమె భర్త నగేష్ సెంట్రింగ్ పని చేస్తాడు. వాళ్ల తొమ్మిదేళ్ల కూతురు శ్రీలక్ష్మికి ముందురోజు నుంచి జ్వరం. సులోచన థర్మామీటరు పెట్టి చూసింది. నూటరెండు.

"కడుపుల నొస్తుందంటుంది సిస్టరమ్మా," అంది మంగ.

"ఏమన్న బయటిది తిన్నదా?"

"ఏం తినలే. పొద్దుగాల ఒకసారి కక్కింది."

వెనక టీకా కోసం నలభై మంది నిలబడి ఉన్నారు. ఎవరో ముందుకు తోసుకొస్తుంటే ఇంకెవరో అరుస్తున్నారు. సులోచన పిల్ల గొంతులోకి ఒకసారి టార్చి వేసి చూసి, "వైరల్ జరం. రెండు మూడు దినాలల్ల పోతది. ఈ గోలి ఇయ్యి, నీళ్లు మంచిగ తాపియ్యి. తగ్గకపోతే మల్ల తీస్కరా," అని పంపేసింది. ఆ మాట ఆ వారంలో ఆమె ఎంతమందితో చెప్పిందో లెక్కలేదు.

రెండు వారాల తర్వాత మంగ వాళ్ల పక్కింటామె చెబితే తెలిసింది. మంగ కూతురు పెద్దాసుపత్రిలో, ఐసీయూలో ఉందని. కరోనా వచ్చి పోయిన నెలకు పిల్లల్లో అరుదుగా వచ్చే జబ్బట. ఒళ్లంతా వాపెక్కి గుండె దాకా పాకిందట. తొమ్మిది రోజులు ఐసీయూలో ఉంచి, ఆ తర్వాత వార్డులోకి మార్చారు. పిల్ల బతికింది. మంగ మాత్రం దవాఖానాకు వచ్చి ఎవరినీ ఒక్క మాట అనలేదు. వచ్చి నాలుగు తిట్టినా బాగుండేదని సులోచనకు అనిపించింది. ఆ దారిన వెళ్లాల్సి వస్తే వాళ్ల గల్లీ తప్పించి వెళ్లేది.

మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో తప్పించుకోలేని పని పడింది. ఆ పెద్దాసుపత్రి పిల్లల డాక్టరు ఉదయ్ కుమార్ ఈ జబ్బు చేసిన పిల్లల వివరాలు సేకరిస్తున్నాడు. ఒకే జబ్బుకు కొందరు పిల్లలు ఐదు రోజుల్లో నడిచి ఇంటికెళ్తే, కొందరు ఐసీయూ దాకా ఎందుకు పోతున్నారన్నది ఆయన ప్రశ్న. బస్తీలు తెలిసిన నర్సు కావాలని అడిగితే పైవాళ్లు సులోచన పేరు రాశారు. ముషీరాబాద్ నుంచి నారాయణగూడ దాకా ఏడుగురు పిల్లలు, ఒక్కొక్కరికి నాలుగు పేజీల ఫారం. జాబితాలో ఐదో పేరు శ్రీలక్ష్మిది.

సులోచన వెళ్లేసరికి మంగ హాస్టల్ పని ముగించుకొని అప్పుడే ఇంటికి వచ్చింది. పిల్ల బడికి పోయింది. మంగ అత్త రామమ్మ గడపలో కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది.

"రా సిస్టరమ్మా, కూసో," అని మంగ స్టూలు జరిపింది.

సులోచన ఫారం తీసింది. పిల్ల పుట్టినప్పటి బరువు, ఇప్పటి బరువు, ఆయాసం, ఫిట్స్, గుండెజబ్బు లాంటివేమైనా ఉన్నాయా అని ఒక్కొక్కటే అడిగింది. ఏదీ లేదంది మంగ. అప్పటిదాకా పిల్లకు జబ్బు చేసి సూది వేయించే అవసరం కూడా రాలేదట.

"ఇంట్ల ఎవరికన్న కరోనా వచ్చిందా?"

రామమ్మ చెయ్యి ఆగింది. "నాకే వచ్చింది బిడ్డా. మే నెలల పది దినాలు దగ్గిన. పొల్ల నా పక్కకే పండేది. నా దగ్గే దానికి తలిగింది. నేను పోయినా అయిపోతుండె."

"ఊకో అత్తా. ఎన్నిసార్లు చెప్పాలె నీకు," అంది మంగ విసుగ్గా. ఆ మాట ఆ ఇంట్లో రోజూ నలిగే మాటే అనిపించింది సులోచనకు.

మూడో పేజీ వచ్చింది. జ్వరం మొదలైన ఎన్నో రోజున ఆసుపత్రికి తీసుకొచ్చారు?

"ఏడో దినం," అంది మంగ. "కండ్లు నిప్పుల లెక్క ఎర్రగైనయ్. ఒంటి మీద దద్దులు. కాళ్లు సల్లగైనయ్. ఆటోల ఏస్కొని ఉరికినం."

తర్వాతి ప్రశ్న దాటవేయాలనిపించింది సులోచనకు. అయినా చదివింది. "అంతకుముందు ఎవరికన్న చూపించిండ్రా?"

మంగ ఆమె ముఖంలోకి చూసింది.

"నీకే చూపించిన గద సిస్టరమ్మా. రెండో దినం. శుక్రారం మల్లొచ్చిన. మీరందరు టీకాల క్యాంపుకు పోయిండ్రట, తాళం ఉండె. మామూలు జరమే అన్నవ్ గద అని ఇంట్లనే ఉంచుకున్న."

ఆ గొంతులో కోపం లేదు, అడిగినదానికి జవాబు చెబుతున్నట్టు చెప్పింది, అంతే. సులోచన పెన్ను పక్కన పెట్టింది.

"నేను సరిగ చూడలే మంగా," అంది.

"నీకు మాత్రం ఏమెరుక. రోజుకు ఎంతమందిని చూస్తవ్." మంగ లేచి పొయ్యి మీద చాయ్ పెట్టింది. ఆ చాయ్ తాగకుండా రాలేకపోయింది సులోచన.

ఫారంలో ఆ ప్రశ్న కింద గళ్లున్నాయి. ప్రైవేటు, మందుల షాపు, సర్కారు దవాఖానా. మూడోదానికి టిక్కు పెడితే సరిపోయేది. సులోచన టిక్కు పెట్టి, పక్కన ఖాళీ జాగాలో తన పేరు రాసి, "రెండో రోజు చూశాను. కడుపునొప్పి, వాంతి చెప్పారు. ఇంట్లో కరోనా వచ్చిందా అని అడగలేదు. నాలుగో రోజు మళ్లీ వచ్చారు, దవాఖానాకు తాళం ఉంది" అని రాసింది.

ఉదయ్ కుమార్ ఆ కాగితం చదివి కళ్లద్దాలు తీశాడు. "ఇది రాయాల్సిన అవసరం లేదు కదమ్మా."

"జరిగిందే గద సార్."

"రెండో రోజు నేను చూసినా వైరల్ ఫీవర్ అనే అనేవాణ్ని. అప్పటికి కళ్లు ఎర్రబడలేదు, దద్దుర్లు లేవు."

"కడుపునొప్పి ఉండె."

ఆయన కాగితం బల్ల మీద పెట్టాడు. "చిన్నపిల్లల కంటే ఐదేళ్లు దాటినవాళ్లకే ఇది ఎక్కువ ముదురుతోంది. కడుపునొప్పి, ఆయాసం ఉన్నవాళ్లను జాగ్రత్తగా చూడాలి. లావుగా ఉన్న పిల్లలకు ప్రమాదం ఎక్కువని కొందరంటున్నారు, ఈ పిల్లేమో బక్కది. ఏడుగురితో ఏదీ తేలదమ్మా. వేలమంది లెక్కలు తీసినా, ఈ పిల్లకే ఎందుకొచ్చిందంటే ఎవరూ చెప్పలేరు."

"ముందే తీస్కొస్తే ఐసీయూ తప్పేదా సార్?"

"తప్పేదేమో. తప్పకపోయేదేమో. వయసు, ఒంటి తత్వం మన చేతిలో లేవు. ఎన్నో రోజున వస్తారన్నది మాత్రం కొంత మన చేతిలో ఉంది."

ఆయన ఓదార్చడానికే చెప్పాడు. ఆమెకు ఓదార్పు కలగలేదు గానీ, మర్నాటి నుంచి చేయాల్సిన పనేదో తెలిసింది. జ్వరంతో వచ్చిన ప్రతి బిడ్డ తల్లినీ రెండు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. నెలా నెలన్నర కింద ఇంట్లో ఎవరికైనా కరోనా గానీ, దగ్గు జ్వరం గానీ వచ్చిందా? జ్వరం ఎన్నో రోజు? వెనక వరస ఎంత గోల పెట్టినా ఆ రెండూ అడగందే పంపేది కాదు. క్యాంపుకు పోతే తలుపు మీద తన ఫోను నంబరు రాసి అంటించేది. పొద్దస్తమానం ఆ ఫోను మోగుతూనే ఉండేది.

ఆ నెలాఖరులో నారాయణగూడ నుంచి బుగ్గయ్య అనే ప్లంబరు ఆరేళ్ల మనవరాలిని ఎత్తుకొచ్చాడు. మూడో రోజు జ్వరం. కళ్లు కొద్దిగా ఎర్రగా ఉన్నాయి, పెదాలు పగిలాయి. నెల కింద ఇంటిల్లిపాదికీ దగ్గు వచ్చి పోయిందన్నాడు.

"పెద్ద దవాఖానకు పో అన్నా, ఇప్పుడే," అంది సులోచన.

"రేపు పోత సిస్టరమ్మా. ఇయ్యాల పని ఒప్పుకున్న."

సులోచన రిజిస్టరు మూసి, పక్క గదిలో ఉన్న నర్సుకు వరస అప్పగించి, తనే ఆటో పిలిచి వాళ్లతో ఎక్కింది. రక్తపరీక్షల్లో అదే జబ్బని తేలింది. ఆ పిల్లకు ఐసీయూ అవసరం పడలేదు. ఆరో రోజు ఇంటికి పంపారు. తొందరగా తేవడం వల్లనా, లేక ఆ పిల్లకు అంతవరకే రాసి ఉందా అని సులోచన ఉదయ్ కుమార్‌ని అడగలేదు. ఆయనా చెప్పలేడని ఆమెకు తెలుసు.

రెండువేల ఇరవై నాలుగులో ఆమె రిటైరైంది. శ్రీలక్ష్మికి అప్పుడప్పుడూ గుండె స్కాన్ తీయించాలని డాక్టర్లు చెప్పారు. హాస్టల్లో మంగకు సెలవు దొరకదు. నగేష్ పని ఎక్కడుంటే అక్కడే ఉంటాడు. అందుకని పిల్లను సులోచనే తీసుకెళ్తుంది. ఎవరూ అడగలేదు, మొదటిసారి తనే వెళ్లి గడపలో నిలబడి, "నేను తీస్కపోత" అంది. మంగ వద్దనలేదు.

పోయినసారి స్కాను గది ముందు బెంచీ మీద కూర్చున్నప్పుడు శ్రీలక్ష్మి అడిగింది. ఇప్పుడు ఏడో తరగతి, తల్లి అంత ఎత్తు పెరిగింది.

"సిస్టరమ్మా, మా గల్లీల అందరికి కరోనా వచ్చె గద. నాకే ఎందుకు ఇట్ల అయింది?"

"తెల్వదు బిడ్డా. పెద్ద పెద్ద డాక్టర్లకు గూడ ఇంక పూర్తిగ తెల్వదు."

"నాయనమ్మ తన వల్లనే అంటది."

"నాయనమ్మ తప్పు కాదు. అమ్మ తప్పు గూడ కాదు." సులోచన ఆసుపత్రి ఫైలు సరిచేసుకుంది. "నువ్వు రెండోనాడు నా దగ్గరికొచ్చినప్పుడు నేను ఇంకో మాట అడగాల్సి ఉండె. అడగలే."

పిల్ల ఆమె వైపు చూసింది. ఆ మాట తల్లి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదని ఆ చూపును బట్టి సులోచనకు అర్థమైంది. శ్రీలక్ష్మి ఆమె మోకాలి మీదున్న ఫైలు తీసి తన ఒళ్లో పెట్టుకుంది. లోపలి నుంచి పేరు పిలిచారు. సులోచన బెంచీ అంచు పట్టుకొని నెమ్మదిగా లేచింది. పిల్ల ఆమె జబ్బ పట్టుకొని లోపలికి నడిపించింది.

గుండె మామూలుగానే ఉందని రాసిచ్చారు. మళ్లీ ఏడాదికి రమ్మన్నారు.