ల్యాప్‌టాప్ అడుగున చీటీ

మధ్యాహ్నం మూడింటికి నా మనవరాలికి ఉద్యోగం ఇంటర్వ్యూ. ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్‌లోనే మాట్లాడాలి, ఫోన్లో కుదరదట. పొద్దున్న పదింటికి ఆ పెట్టె మొరాయించింది. ఏది నొక్కినా కదలకపోతే, దాన్ని మొదట్లో ఉన్నట్టు చేసేస్తానని ఏవో బొత్తాలు నొక్కింది. దాన్ని రీస్టోర్ అంటారట. గంటన్నర పట్టింది. మళ్లీ లేచాక తెర బాగానే వెలిగింది గానీ పెట్టె మూగదైపోయింది. చప్పుడు రాదు, నెట్ పట్టదు.

"డ్రైవర్లు పోయాయి మామ్మా" అంది.

నాకు తెలిసిన డ్రైవరు బస్సు తోలేవాడే. అదే అడిగితే, మైకునీ స్పీకరునీ నెట్‌నీ ఎలా నడపాలో పెట్టెకి చెప్పే ప్రోగ్రాములని విడమరిచింది. ఫోన్లోకి దింపుకుని పెట్టెలోకి ఎక్కించుకోవచ్చట. కానీ ఏ మోడలు డ్రైవరు ఆ మోడలుకే. మామూలుగా మోడలు పేరు పెట్టె లోపలే కనబడుతుందట. మాది ఎవరో వాడి, లోపలి బోర్డు మార్చి అమ్మిన సరుకు. లోపల ఆ చోట ఖాళీ. మనవరాలు కొత్తది అడిగినప్పుడు, పాతది పనికిరాదా అని దాన్ని కొనిపించింది నేనే.

ఉజ్జాయింపుగా రెండు డ్రైవర్లు దింపి ఎక్కించింది. మొదటిది పట్టలేదు. రెండోదానికి తెర నల్లబడి, మళ్లీ లేవడానికి ఇరవై నిమిషాలు తీసుకుంది. ఆఖరికి అరసవల్లి రోడ్డులో రిపేరు కొట్టు అతనికి ఫోన్ చేస్తే, అడుగున చీటీ ఉంటుంది, దాని మీద నెంబరు చదవమన్నాడు.

పెట్టె తిరగేసింది. చీటీ ఉండవలసిన చోట జిగురు మరక మాత్రం ఉంది.

బల్ల కిందా సంచీలోనూ వెతికింది. మంచం పరుపు ఎత్తింది. నేను బియ్యం ఏరుతూ కూర్చున్నాను. చేటలో రాయేదో గింజేదో నాకు తెలియడం లేదు. ఈ ఇంట్లో చెంచా కనబడకపోయినా అందర్నీ వరసగా నిలబెట్టి అడిగేదాన్ని నేను. ఇవాళ చేట మీంచి తల ఎత్తలేదు. ఒంటిగంట దాటింది. డిగ్రీ అయ్యాక ఇలాంటి పిలుపులు దానికి మూడుసార్లు వచ్చి తప్పిపోయాయి. ఇంటర్వ్యూకి రాలేనని వాళ్లకి చెప్పేద్దామని ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"ఫోను పెట్టెయ్యే. ఆ సీటీ నానే పీకేసినాను."

అది నా మొహంలోకి చూసింది. "ఎక్కడ పారేసినావు మామ్మా?"

"నాను పారేస్తానేటి?"

నేను నూలు వడకడానికి దూది ఏకే చోటే అది పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. చీటీ అంచు లేచిపోయి, పింజలన్నీ దాని జిగురుకే అంటుకునేవి. ఒకరోజు గోటితో ఒలిచేశాను. గట్టి కాయితం, జిగురు ఇంకా ఉంది. వంటింటి కిటికీ దోమల వలకి చిల్లు పడితే దానికి అంటించాను.

"దోమలకి నా ఉద్యోగం అడ్డం పెట్టినావు" అంటూ వంటింట్లోకి పరిగెత్తింది.

చీటీ నిండా పోపుల జిడ్డు. మనవరాలు తడిగుడ్డ తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. పొడి దూదితో నేనే అద్దాను, ఊపిరి కూడా గట్టిగా విడవకుండా. అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి. చివరిది మాత్రం తేలలేదు. ఎనిమిదో, ఇంగ్లీషు బీ అక్షరమో తెలియలేదు. తప్పుది ఎక్కిస్తే మళ్లీ తెర నల్లబడుతుందని దానికి భయం. అప్పటికి రెండు కావస్తోంది.

మూడో తరగతి చదువు నాది, ఇంగ్లీషు రాదు. కానీ నూలులో సన్నమేదో లావేదో నా కన్నుకి తెలుస్తుంది.

"ఆ వరసలోనే ఇంకో ఎనిమిది ఉన్నాది కదే. దాన్తో పోల్చి సూడు. దానికి రెండుపక్కలా నడుం నొక్కీసి ఉన్నాది. దీనికి ఎడంపక్క నిటారుగా ఉన్నాది."

అది రెండూ పోల్చి చూసి బీ అని కొట్టింది. డ్రైవరు దిగడానికి, ఎక్కడానికి, పెట్టె ఆరి వెలగడానికి పట్టినంతసేపూ గోడ గడియారం చూడకూడదనుకుంటూనే చూశాను. మూడుకి పది నిమిషాలుండగా పెట్టె ఠింగుమంది.

నన్ను బయటికి పంపి తలుపు వేసుకుంది. గుమ్మంలో కూర్చున్నాను. చేపలామె కేక వేస్తూ వస్తుంటే దూరంనుంచే చెయ్యి ఊపి ఆపాను. లోపల ఒక మగగొంతు ఏదో అడిగింది. మళ్లీ అదే అడిగింది. అప్పుడు మనవరాలు మొదలుపెట్టింది, ఇంగ్లీషులో. నాకు ఒక్క ముక్క తెలియలేదు. ఎక్కడా తడబడకుండా చెప్పుకుపోతోంది. దాని గొంతు ఆగేదాకా నేను అక్కడినుంచి లేవలేదు.