కాళ్ళ మీద కప్పిన బట్ట

నా చిన్నప్పుడు మా వీధిలో సముద్రం దాటి వచ్చిన మనిషి మా తాతయ్య ఒక్కరే. వయసులో ఉండగా రంగూన్‌లో ఒక బియ్యం మిల్లులో గుమాస్తాగా పనిచేసి, యుద్ధం వచ్చాక తెనాలికి తిరిగి వచ్చేశారట. అందుకని ఎవరు దూరప్రయాణం పెట్టుకున్నా ముందు మా వసారాలోకి వచ్చి కూర్చునేవారు. నాకు తరచు ఆయాసం వస్తుండేది కాబట్టి బడికి పంపలేదు. తాతయ్యే పలక పట్టించి, ఒళ్ళో బైబిలు పెట్టుకుని అక్షరాలు కూడబలికించారు. ఆ వసారాయే నా బడి, వచ్చేపోయేవాళ్ళ కబుర్లే నా భూగోళం. దేవుడు నాకు బడి ఇవ్వకపోయినా తాతయ్యని ఇచ్చాడని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

మా పక్కింటి అక్క నర్సు చదువు పూర్తిచేసి వచ్చింది. వీధిలో ఎవరికి జ్వరం తగిలినా డాక్టరుగారి కంటే ముందు ఆవిడ చెయ్యే నుదుటి మీద పడేది. నాకు ఆయాసం వచ్చినప్పుడు వెనక కూర్చుని వీపు రాస్తూ, "నెమ్మదిగానే, నెమ్మదిగా. గాలి ఎక్కడికీ పారిపోదు" అనేది. ఆ మాటకే నాకు సగం తగ్గిపోయేది. అలాంటి అక్కకి కువైట్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. పెద్ద ఆసుపత్రిలో పనిచేయాలన్నది చదువు మొదలుపెట్టిన నాటి నుంచీ ఆవిడ కోరిక. కబురు తెలిసిన రోజు మా రెండిళ్ళవాళ్ళం కలిసి మోకరించి ప్రార్థన చేసుకున్నాం.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. వీధిలో ప్రతివాళ్ళూ ఒక సలహా మోసుకొచ్చేవారు. అక్కడ చీర కడితే నవ్వుతారట. జడ ఉంటే పల్లెటూరిదనుకుంటారట. చేత్తో తినేవాళ్ళని పక్కన కూర్చోనివ్వరట. కొలకలూరు నుంచి వచ్చిన చుట్టం ఒకావిడయితే, విదేశాల్లో ఆడవాళ్ళు ఎత్తుమడమల చెప్పులు లేకుండా గుమ్మం దాటరని ఒట్టేసి మరీ చెప్పింది. ఆవిడ మాత్రం గుంటూరు దాటి ఎరగదు.

అక్కకి ఇవన్నీ గట్టిగానే పట్టుకున్నాయి. చదువుకున్న పట్నంలో హాస్టల్ పిల్లలు ఆవిడ మాటతీరు వెక్కిరించేవారట. 'ఏంటి', 'అవునండి' అన్నా నవ్వేవారట. ఆ నవ్వు ఇంకా చెవుల్లోంచి పోలేదు. మోచేతుల పైదాకా మాత్రమే చేతులున్న గౌను ఒకటి కుట్టించుకుంది. ఎత్తుమడమల చెప్పులు కొనుక్కుని, స్తంభం పట్టుకుని మా వసారాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడక నేర్చుకునేది. పప్పన్నం చెంచాతో తినబోతే సగం చాప మీద పడేది. మా నాయనమ్మ చూసి చూసి, "ఈ పిల్ల కువైట్ చేరేలోపు ఎండిపోతుందిరా దేవుడా" అని, చాప దులిపి మళ్ళీ వడ్డించేది.

ఒకరోజు అక్క చెంచా పక్కన పెట్టేసి ఏడ్చేసింది. "నేను వెళ్ళనండి తాతగారూ. నావల్ల కాదు. అందరిముందూ నవ్వులపాలయ్యే కంటే ఇక్కడే ఏదో చిన్న ఆసుపత్రిలో పడుంటాను" అంది. తాతయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సరే, మానేద్దువుగాని. ముందు నాతో ఒక పరాయిదేశం రా. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేద్దాం. ఆ గౌనూ ఆ చెప్పులే వేసుకో" అన్నారు. నన్ను కూడా వెంటపెట్టుకున్నారు.

మేం ప్యాసింజర్ బండిలో బాపట్ల దాకా వెళ్ళి, అక్కడి నుంచి జట్కా కట్టించుకున్నాం. వెళ్ళింది ఒక నేతవాళ్ళ ఊరికి. రంగూన్‌లో తాతయ్యతో ఒకే గదిలో ఉన్న స్నేహితుడి చెల్లెలు అక్కడ ఉండేది. జట్కా దిగుతూ తాతయ్య, "నేను మీకేం చెప్పను. ఇక్కడ ఎలా ఉండాలో మీరే చూసుకోండి" అన్నారు. "ఇదేం పరాయిదేశం తాతగారూ, తెలుగేగా మాట్లాడతారు" అంది అక్క. తాతయ్య నవ్వి ఊరుకున్నారు.

ఆ వీధి ఇప్పటికీ నా కళ్ళముందుంది. వీధి పొడవునా మోకాలెత్తులో వందల నూలుపోగులు సాగదీసి కట్టి ఉన్నాయి. దాన్ని పడుగు అంటారట. మగ్గానికి ఎక్కించే ముందు ఆ పోగులకి గంజి పట్టిస్తున్నారు. ఇంటిల్లిపాదీ పనిలో ఉన్నారు, ముసలీ ముతకా అందరూ. మేం వెళ్ళాల్సిన ఇల్లు పడుగుకి అవతల ఉంది. మేం దిగగానే పని ఆపి అందరూ అక్క గౌను వైపు చూశారు. అక్క చెవులు ఎర్రబడ్డాయి. తొందరగా ఇంట్లోకి వెళ్ళిపోతే చాలనుకుందేమో, గౌను కాస్త పైకెత్తి, ఒక కాలు పడుగుకి అవతల వేసింది.

"అమ్మాయ్, అమ్మాయ్! ఆగాగు! కాలు తియ్యి!" అని వీధంతా ఒక్కసారి అరిచింది. కంగారులో వెనక్కి లాగిన కాలి మడమకి చిక్కుకుని నాలుగైదు పోగులు పుటుక్కున తెగాయి.

ఆ ఇంటి పెద్దావిడ గంజి చేతులతోనే వచ్చింది. "ఏ ఊరమ్మా నీది?"

"తెనాలండి."

"అన్నం పెట్టే పడుగమ్మా ఇది. తెనాల్లో దీన్ని ఇలా చెప్పుకాళ్ళతో దాటతారా?"

"తెనాల్లో... పడుగే ఉండదండి."

వీధి వీధంతా నవ్వింది. "గుర్రానికి నాడాలు కొట్టించినట్టున్నాయి కదే ఆ చెప్పులు!" అని ఎవరో పడుచు కోడలు అంది. మళ్ళీ నవ్వులు. ఏ నవ్వుకి భయపడి అక్క విదేశం మానుకుందామనుకుందో ఆ నవ్వు బాపట్ల పక్కనే ఎదురొచ్చింది. ఆవిడ తాతయ్య వైపు చూసింది. తాతయ్య మాత్రం పెంకుటింటి మీది పావురాలని చూస్తూ నిలబడ్డారు. అప్పుడు నేను ఆయన పాదాల వైపు చూశాను. చెప్పుల్లేవు. గోడవారన వరసగా ఆ వీధివాళ్ళ చెప్పులున్నాయి, వాటి చివర తాతయ్యవీ ఉన్నాయి. ఆయన ఏది చేస్తే అది చేసే అలవాటు కాబట్టి, నాకు తెలియకుండానే నావి కూడా అప్పటికే వాటి పక్కన విడిచేశాను.

అక్క కూడా అప్పుడే చూసింది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. పెదవులు కదలడం చూసి, ప్రార్థించుకుంటోందని నాకు అర్థమైంది. తర్వాత వంగి చెప్పులు విప్పి, చేత్తో పట్టుకెళ్ళి మా చెప్పుల పక్కన పెట్టి, వట్టికాళ్ళతో తిరిగొచ్చింది. "తెలీక చేశానండి పిన్నిగారూ. ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి" అంది.

"చేసేదేముందే తల్లీ, కూర్చో. కాలు తెంపింది, చెయ్యి ముడేస్తుంది" అంది పెద్దావిడ. తెగిన పోగుల కొసలు తడిపి, మెలితిప్పి ఎలా అతకాలో చూపించింది. అక్క వేళ్ళు రోగుల గాయాలకి కుట్లు వేయడంలో సాయపడిన వేళ్ళు. రెండో పోగుకే ముడి కుదిరింది. "చెయ్యి మంచిదే, కళ్ళే ఎక్కడో పెట్టుకొచ్చింది" అని ఇందాకటి పడుచుకోడలు నవ్వింది. ఈసారి అక్క కూడా నవ్వింది. మధ్యాహ్నం వాళ్ళతో కలిసి కింద కూర్చుని, వంకాయ కూరా పచ్చిపులుసూ చేత్తో కలుపుకుని కడుపునిండా తింది.

బయల్దేరే ముందు పెద్దావిడ కుంకుమ భరిణె తెచ్చింది. మాది లూథరన్ సంఘం, అక్కవాళ్ళదీ అదే. మేం బొట్టు పెట్టుకోం. వద్దంటే ఆవిడ నొచ్చుకుంటుందేమోనని, సరే అంటే ఇంట్లో ఏమంటారోనని తాతయ్య వైపు చూశాను. ఆయన మళ్ళీ పావురాల వైపు తిరిగారు. అక్క మాత్రం ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "పిన్నిగారూ, మేం బొట్టు పెట్టుకోమండి. మీరు పూలిస్తే ఇక్కడే తల్లో పెట్టుకుని వెళ్తాం" అంది. "ముందే చెప్పొద్దటే, ఇంకో మూర కట్టించేదాన్ని!" అంటూ ఆవిడ తన జడలోని కనకాంబరాలే సగం తుంచి మా ఇద్దరికీ పెట్టింది.

తిరుగుబండిలో అక్క కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు పొలాలు చూసింది. తాతయ్యే కదిపారు. "ఆ వీధిలో అడుగుపెట్టగానే ఏం చూశావమ్మా?"

"అందరూ నన్నే చూస్తున్నారండి."

"అదీ సంగతి. నిన్ను చూసేవాళ్ళని చూస్తూ ఉండిపోయావు. అందుకే పడుగూ కనిపించలేదు, గోడవారన చెప్పులూ కనిపించలేదు."

అప్పుడు చెప్పారు, మాకెవరికీ ఎప్పుడూ చెప్పని తన రంగూన్ ముచ్చట. వెళ్ళిన కొత్తల్లో, గది అద్దెకిచ్చిన బర్మావాళ్ళు భోజనానికి పిలిస్తే, దొరలా ఉండాలని ప్యాంటూ బూట్లూ వేసుకుని వెళ్ళారట. బూట్లయితే గుమ్మంలో విడిచారుగాని, ఆ బిగుతు ప్యాంటుతో బాసింపట్టు వేయలేక కాళ్ళు చాపుకుని కూర్చున్నారట. ఎదురుగా ఆ ఇంటి ముసలాయన ఉన్నాడు. పెద్దల వైపు పాదాలు పెట్టడం అక్కడ పెద్ద అవమానమని ఈయనకి తెలియదు. గదిలో మాటలు ఆగిపోయాయి. ఆ ఇంటి ముసలమ్మ మాత్రం లేచి వచ్చి, మడతపెట్టిన బట్ట ఒకటి విప్పి ఆయన పాదాల మీద మెల్లగా కప్పి, ఏమీ జరగనట్టు అన్నం వడ్డించిందట. "ఆ బట్ట ఇంకా నా కాళ్ళ మీదే ఉందమ్మా" అన్నారు తాతయ్య.

"కానీ బొట్టు సంగతి నేను నీకు నేర్పింది కాదు, నువ్వే నాకు నేర్పావు. నవ్వుతూ వద్దనడం రంగూన్‌లో నాకు చాలా ఏళ్ళు చేతకాలేదు" అని కూడా అన్నారు. తెనాలి స్టేషన్‌లో దిగాక అక్క, "పెట్టె సర్దుకోవాలండి, ఇంకా చాలా పనుంది" అంది. నేను ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, వెళ్ళిపోతోందని బాధా, వెళ్తోందని సంతోషమూ ఒక్కసారే కలిగి.

వెళ్ళిన రోజు అక్క జడ అలాగే ఉంది. ఒంటి మీద నేతచీర ఉంది. గౌను పెట్టెలో పెట్టుకుంది, అక్కడ అందరినీ చూశాక తేల్చుకుంటానని. ఎత్తుమడమల చెప్పులు మా వసారాలోనే ఉండిపోయాయి. నేను వాటితో చాలాకాలం ఆడుకున్నాను.

ఏళ్ళు గడిచాయి. అక్క కువైట్‌లో పనిచేసినంతకాలం చేసి, ఇప్పుడు రేపల్లెలో ఉంటోంది. ఈమధ్య మా సంఘంవాళ్ళతో కలిసి నేను యెరూషలేము యాత్రకి బయల్దేరాను. ఇంట్లో పిల్లలు ప్యాంటు వేసుకోమనీ, బూట్లు కొనుక్కోమనీ ఒకటే గొడవ. రేపల్లె వెళ్ళి అక్కని అడిగాను. "నీ చీర నువ్వు కట్టుకో. నడక ఎక్కువ, బూట్లు మాత్రం వేసుకో. గుమ్మం ముందు నిలబడి ఒక్కసారి కిందికి చూడు" అని, తన దగ్గరున్న పల్చటి నల్ల శాలువా నా చేతిలో పెట్టింది.

అక్కడ ఒక పాత గుడి వాకిట్లో నిలబడి కిందికి చూశాను. చెప్పుల వరస లేదు. అందరూ బూట్లతోనే లోపలికి పోతున్నారు. దేవుడి సన్నిధిలోకి బూట్లతో వెళ్ళడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. 'మా ఊళ్ళో అయితే విడిచేదాన్ని ప్రభువా' అని మనసులో చెప్పుకుంటూ అడుగు వేశాను. అంతలో ద్వారం దగ్గర ఎవరో దేశంకాని దేశం పిల్లని కాపలా మనిషి ఆపేశాడు. ఆ పిల్ల భుజాలు కనిపించే గౌను వేసుకుని ఉంది, అలా లోపలికి వెళ్ళనివ్వరు. ఎక్కడి నుంచి వచ్చిందో, దేనికోసం వచ్చిందో, ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. వెనకవాళ్ళు చూస్తున్నారు, ఆ పిల్ల వాళ్ళందరినీ చూస్తోంది. నాకు ఆమె భాష రాదు. వెళ్ళి శాలువా ఆమె భుజాల మీద కప్పి, ఏమీ జరగనట్టు లోపలికి నడిచాను. మోకరించి లేచి చూసేసరికి ఆ జనంలో ఆమె మళ్ళీ కనిపించలేదు.

తిరిగొచ్చాక రేపల్లె వెళ్ళి, "అక్కా, నీ శాలువా ఇచ్చేసి వచ్చాను" అన్నాను, ఏమంటుందోనని బెదురుతూనే. అక్క అంతా విని, చాలాసేపు నవ్వింది.

"అది నేను కొన్నదనుకున్నావటే? అక్కడికి వెళ్ళిన కొత్తల్లో, ఆసుపత్రిలో వేసుకుంటున్నారు కదా అని ఆ పొట్టి చేతుల గౌను వేసుకుని బజారుకి వెళ్తే అందరూ మొహాలు తిప్పుకున్నారు. ఎవరో ముసలావిడ వచ్చి నా భుజాల మీద కప్పి వెళ్ళిపోయింది. ఆవిడ పేరేంటో కూడా నాకు తెలీదు."

ఆ ముసలావిడనీ, రంగూన్ ముసలమ్మనీ, కనకాంబరాలు తుంచి ఇచ్చిన పెద్దావిడనీ రోజూ ప్రార్థనలో తలుచుకుంటాను. పేర్లు తెలియకపోయినా దేవుడికి తెలుసు కదా. ఇప్పుడు పక్క ఊరికి బయల్దేరినా సంచిలో ఒక బట్ట ఎక్కువ పెట్టుకుంటున్నాను. అది నాకోసం కాదు.