చిన్నప్ప చేతి గడియారంలో సూర్యుడు

చిన్నప్ప దోహాలో హౌస్ డ్రైవరు. పొద్దున్నే పిల్లల్ని బడిలో దింపి, మేడమ్‌ను ఆఫీసులో వదిలి, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో ఒక గోడ వారగా బండి ఆపుకుంటాడు. మళ్ళీ ఫోను మోగేదాకా వేరే డ్యూటీ లేదు. తోటి డ్రైవర్లు కునుకు తీస్తారు. చిన్నప్ప సూర్యుణ్ణి గీస్తాడు.

పాత బైనాక్యులర్‌కు ఒక కన్ను మూసి, రెండో కంటిలోంచి దిగే వెలుగును తెల్ల అట్ట మీద పడేస్తాడు. రూపాయి బిళ్ళంత సూర్యుడు అట్ట మీద వాలతాడు. ఆ మొహాన మచ్చలుంటే పెన్సిలుతో గుర్తుపెట్టి, చేతి గడియారం చూసి టైము వేసి, నాలుగు ముక్కలు రాసి కవరులో పెడతాడు. కవరు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలోని షోయబ్ కిరాణా కొట్టు మీదుగా సుబ్బారావుకు చేరుతుంది.

ఈ పిచ్చి అంటించింది సుబ్బారావే. కాకినాడ మనిషి, ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. నూట యాభై ఏళ్ళ కిందటి ఖగోళ శాస్త్రజ్ఞులు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలంటే ఆయనకు ప్రాణం. ఆకాశం ఎలా ఉందో, ఏ అద్దంతో చూశారో, ఏం కనబడలేదో కూడా వాళ్ళు రాసేవారట. అందుకే వాట్సాప్ ఒప్పుకోడు. వంద రోజుల బొమ్మలు పూర్తయితే ఇద్దరి పేర్లతో ఖగోళ పరిశీలకుల సంఘానికి పంపాలని ఒప్పందం. పదో తరగతి గట్టెక్కని చిన్నప్ప ఆ రోజు కోసమే ఎదురుచూస్తున్నాడు.

తొంభై నాలుగు పూర్తయ్యాక, ఒక శుక్రవారం సుబ్బారావు ఇంటికి పిలిచాడు.

"ఇన్నాళ్ళకి పక్కపక్కన పెట్టి చూశానయ్యా. ఇది నేను పదిన్నరకి గీసింది. ఇది నీది, అదే పదిన్నర. నా మచ్చ అంచున కింద ఉంది, నీది పైకెక్కి కూర్చుంది. మనకేవన్నా ఇద్దరు సూర్యులున్నారా?"

"సూసిందే గీసినా సార్."

"అన్ని రోజులూ ఇంతే. పొద్దెక్కేకొద్దీ సూర్యుడి మొహం వాలుతుంది, నిజవే. ఒకే గంటలో రెండు రకాలుగా ఎలా వాలుతుంది? అందాజుగా గీశావేమో. నీవి తీసేసి పంపుదామనుకుంటున్నా."

చిన్నప్ప మొహం చిన్నబోయింది. చెప్పుల వైపు నడిచాడు.

"సరే సార్. ఒంటిగంటన్నర అయితాంది, పోయి ఇంత తిని పండుకుంటా."

సుబ్బారావు గోడ గడియారం చూశాడు. పదకొండు.

"ఒంటిగంటన్నరేవిటయ్యా?"

"ఇది మా కడప టైము సార్. డ్యూటీకి బండిలో వేరే ఉండాదిలే. ఇది లూర్దమ్మ కోసరం పెట్టుకున్యా. మా ఆడమనిషి బడిలో ఆయా గదా, పదిన్నరకు బెల్లు కొడ్తానే ఫోన్ జేస్తాది. దానికి ముందరే బొమ్మ గీసేది."

సుబ్బారావు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "నువ్వు గీసేది ఇక్కడి ఎనిమిదింటికా! మద్రాసు నుంచి లండన్‌కి రాసినవాళ్ళు ఏ ఊరి టైమో ముందు రాసేవారు. అదొక్కటీ నీకు చెప్పడం మరిచాను. తప్పు నాది చిన్నప్పా."

మర్నాడు ఎనిమిదింటికి మేడ మీద సుబ్బారావు తనూ గీశాడు. సాయంత్రం రెండు కాగితాలూ ఒకదానిమీదొకటి పెట్టి కిటికీకి ఆనించారు. మచ్చ మీద మచ్చ కూర్చుంది.

"యల్లా, మిగతావి కానీ. ఇకనన్నా ఆ గడియారం మార్చుకో."

"అదొక్కటీ మాఫీ సార్!"

తొంభై ఆరో ఉత్తరం ఇలా వచ్చింది: "పదిన్నర, కడప టైము. ఆకాశంలో దుమ్ము లేదు. మచ్చలు నాలుగు. ఐదోది గీసేలోపల ఫోనొచ్చింది."