నా కాళ్ల కొలత

భిలాయిలో ప్లాంటు కడుతున్న రోజుల్లో నేనొక కాంట్రాక్టరు దగ్గర మెకానిక్‌గా ఉండేవాణ్ణి. ఆయన పాత పికప్పు జీపు నాలుగు చక్రాలతోనూ లాగేది, కాని ఇనుము ఎక్కిస్తే చిన్న గట్టు దగ్గరే ఆయాసపడేది. దానికి లారీ ఇంజను బిగించాను. బానెట్టు కింద పట్టక, డ్రైవరుకీ ఇంజనుకీ మధ్యనున్న అడ్డు రేకు కోసి సగం ఇంజన్ని డ్రైవరు కాళ్ల వైపుకి నెట్టాను. మిగిలిన సందుని, అతితెలివి కొద్దీ, నా కాళ్లతోనే కొలుచుకున్నాను.

ఇంకెవరి కాళ్లూ అందులో దూరలేదు. డ్రైవరు పని నా మెడకి చుట్టుకుంది.

చెల్లి పెళ్లికి శ్రీకాకుళం వెళ్తానంటే కాంట్రాక్టరు, "నువ్వెల్లిపోతే బండెవుడు తోల్తాడ్రా? సెలవేటి నీకు?" అన్నాడు.

లావెక్కితే వదిలేస్తాడని రెండు పూటలా నెయ్యి పోసుకుని తిన్నాను. మోకాళ్లు కాల్చే ఆ ఇంజను పక్కన తిన్నదంతా చెమటైపోయేది.