గ్యాస్ అన్న పిల్ల, ఆమె వినిపించిన పాట

కరోనా నెమ్మదించిన ఏడాది, పదవీ విరమణకు రెండేళ్ల ముందు, నన్ను మార్కాపురంలో మంగళవారాలు నడిచే మానసిక ఆరోగ్య క్లినిక్‌కు సైకాలజిస్టుగా వేశారు. మందులు రాసేది డాక్టరు, మాట్లాడించేది నేను. కేసు షీటులో మొదటి గడి 'బాధ, రోగి మాటల్లోనే'. అందులో నేను ఎక్కువగా రాసిన మాట గ్యాస్. అక్కడ దిగులుకూ భయానికీ నిద్ర పట్టకపోవడానికీ అదే పేరు.

పుల్లలచెరువు వైపు నుంచి కరుణ అనే డిగ్రీ అమ్మాయి వచ్చేది. తల్లిదండ్రులు కూలికి పోతారు. ఆ ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటి మనిషి ఆమే. నాలుగు వారాలు గ్యాస్ దాటి ఒక్క ముక్క రాలలేదు. ఐదో వారం ఫోను నా బల్ల మీద పెట్టింది. "నాకు చెప్పేదానికి రాదు సార్. ఈయమ్మి చెప్పింది, ఇనండి" అంది.

ఎవరో కొత్త గాయని. తను దేనికీ పనికిరానని, నలుగురిలో నవ్వి వచ్చి గదిలో కూలబడతానని పాడుతోంది. కరుణ కళ్లలో నీళ్లు. ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి. నాకు నాలుగు వారాల్లో దొరకని మనిషి ఆ గాయనికి నాలుగు నిమిషాల్లో దొరికింది. కుళ్లుకున్నాను, దాచేదేముంది. పాట సగంలోనే ఆపించి, ఇలాంటివి వింటే దిగులు పెరుగుతుందని చెప్పి, షీటులో 'ఫోను వాడకం ఎక్కువ' అని రాశాను. తర్వాతి మంగళవారం ఆమె రాలేదు.

ఆ సాయంత్రం పాటను వెతికి పూర్తిగా విన్నాను, తప్పులు పట్టడానికే. రెండో చరణంలో ఒక మాట ఉంది: "అమ్మా, రేపటికి నా బట్టలు ఉతకొద్దు." మా వృత్తిలో ప్రాణాల మీదికి వచ్చే అలాంటి మాట చెవిన పడితే రేపటిదాకా ఆగకూడదు. వెంటనే ఆ ఊరి ఆశా కార్యకర్తకు ఫోను చేశాను. ఆమె వెళ్లి కరుణ దగ్గరే ఉండి, తెల్లవారి తల్లితో సహా నా దగ్గరకు తీసుకొచ్చింది.

"పాటంతా విన్నానమ్మా. ఇందులో నీ మాట ఏది?" అని అడిగాను.

"బట్టల మాట సార్. మొన్న మాయమ్మతో అదే అంటిని."

తల్లి నెమ్మదిగా, "కాలేజీకి సెలవేమో అనుకుంటి సార్" అంది.

చికిత్స ఆ రోజే మొదలైంది. కరుణ డిగ్రీ పూర్తి చేసింది.

రోగి ఎవరి నోటితో మాట్లాడినా ఆఖరిదాకా వినాలి, అందులో తన మాట ఏదో అడగాలి. మిగిలిన సర్వీసంతా ఆ ప్రశ్న అడుగుతూనే వచ్చాను. అది నాకు నేర్పింది ఆ గాయనే. ఆమె మీద కుళ్లు మాత్రం ఇంకా పోలేదు.