మొహమాటంతో నడిచిన మోటారు

నువ్వు చేసే ఉద్యోగం ఏమిటని మా ఊళ్ళో ఎవరడిగినా "కంప్యూటరు" అని చెప్పి తప్పించుకుంటాను. నిజం చెబితే నవ్వుతారు. పని అయిపోయిన వస్తువుల్ని ఎవరు వదిలించాలో తేల్చడం నా ఉద్యోగం. ప్రోగ్రాములో ఏ వస్తువు పుట్టినా కాస్త మెమరీ తింటుంది. పనయ్యాక దాన్ని వదిలించకపోతే అలా తింటూనే కూర్చుంటుంది. ఇంకొకరు వాడుకుంటుండగా తీసేస్తే ప్రోగ్రాము అక్కడికక్కడే కూలుతుంది. పాతకాలపు వాళ్ళు ఇదంతా మనసులో గుర్తుపెట్టుకుని చేసేవారట, పాపం. మాకా బాధ లేదు. మాకు స్మార్ట్ పాయింటర్లున్నాయి. ఒక వస్తువుని ఎంతమంది పట్టుకుని ఉన్నారో అవే లెక్కపెట్టుకుంటాయి. చివరివాళ్ళు వదిలిన క్షణాన ఆ వస్తువు దానంతట అదే పోతుంది. మనిషి వేలు కూడా కదపక్కర్లేదు. తెలివంతా వాటికే ఉంది కదా అని నేను నాది వాడడం మానేశాను.

ఇంటినుంచే పని చేసుకోవచ్చని కంపెనీ అనడంతో నేను హైదరాబాదు గది ఖాళీ చేసి, నల్లపాడు దాటాక లోపలికుండే మా ఊరికి వచ్చేశాను. మాకు మూడు చేలకి కలిపి ఒకటే బోరు. పైచేను పెదనాన్నది, నడిమి చేను మా నాన్నది, పల్లంలోది బాబాయిది. బాబాయి లారీ మీద తిరుగుతూ నెలకి పది రోజులు కూడా ఇంట్లో ఉండడు కాబట్టి ఆ చేను ఎప్పుడూ కౌలుకే ఉండేది. పిన్నేమో ఊళ్ళోవాళ్ళ చేలల్లో మిరపకాయ కోతకి వెళ్ళేది. నేను వచ్చిన ఏడే ఆవిడ, ఊరందరి మిరపా కోసినదాన్ని నా మిరప నేను వేసుకోలేనా, ఈసారి నేనే చేస్తాను అంది. ఇంట్లో మగవాళ్ళు చాలా ఉదారంగా, సరే, ఈ ఒక్క ఏడు చూద్దాం అన్నారు. పంట నిలబడితే చేను ఆవిడ చేతిలో ఉంటుంది, పోతే మళ్ళీ కౌలుదారుకి వెళ్ళిపోతుంది. ఇది పైకి ఎవరూ అనకపోయినా అందరికీ తెలుసు.

బోరు దగ్గర మా తాత పెట్టిన పద్ధతి ఒకటి ఉంది. నీళ్ళు పెట్టుకునేవాళ్ళు స్టార్టరు పెట్టె పక్కనున్న మేకుకి తమ గుడ్డ ఒకటి తగిలించాలి. తడి పూర్తయ్యాక ఎవరి గుడ్డ వాళ్ళు తీసుకుపోవాలి. మేకుకి ఇంకా గుడ్డ ఉంటే మోటారు జోలికి పోకూడదు, లేకపోతే ఆపి వెళ్ళాలి. అంటే ఇంత పెద్ద కంపెనీ నాకు జీతమిచ్చి చేయిస్తున్న పనిని ఆ పెద్దమనిషి ఒక మేకుతో, రెండు తువ్వాళ్ళతో ఎప్పుడో చేసి పారేశాడన్నమాట. నాకు ఒళ్ళు మండింది. అంతలో ఒకరోజు పెదనాన్న తువ్వాలు మర్చిపోయి ఇంటికొచ్చేశాడు, మోటారు కరెంటు పోయేదాకా తిరిగింది. ఇక చూసుకోండి, ఈ మోటారుని నేను ఆటోమేటిక్ చేస్తానని బయలుదేరాను. ఎవరూ నన్ను అడగలేదు, అది కూడా చెప్పాలి.

పెద్ద కంపెనీలో నేర్చిన అమ్మాయిని కదా, ముందు ముగ్గురినీ కూర్చోబెట్టి, నీళ్ళు వదిలెయ్యడం అంటే మీ ఉద్దేశంలో ఎప్పుడు అని అడిగి రాసుకున్నాను. మా నాన్న, నా తడి అయితే నేను వదిలేస్తాను, ఇందులో అడగడానికేముంది అన్నాడు. మొత్తం ఇంట్లో పనికొచ్చే మాట చెప్పింది ఆయనొక్కడే.

పెదనాన్న మాత్రం పెద్దరికంగా గొంతు సవరించుకున్నాడు. "పల్లంలో ఆ అమ్మాయి తడి అయ్యేదాకా నాది వదలనట్టే రాసుకో. ఆడమనిషి నీళ్ళు పెట్టుకుంటుంటే మధ్యలో వదిలేసి వస్తే ఏం బాగుంటుంది?"

పిన్ని బావగారి ఎదురుగా కుర్చీలో కూడా కూర్చోదు. గుమ్మం పక్కన నిలబడే చెప్పింది. "ఆయన ఇంకా చేలో ఉండగా నాదైపోయిందని నేనెలా వచ్చేస్తానే? బావగారు వదిలాకే నాది వదిలినట్టు."

ఎంత చక్కటి మర్యాద! ఇద్దరి మాటా తూచా తప్పకుండా రాశాను. ఆయన వంతు ఆవిడ వంతుని పట్టుకుని ఉంటుంది, ఆవిడ వంతు ఆయన వంతుని పట్టుకుని ఉంటుంది. ఎవరికి నీళ్ళు కావాలంటే వాళ్ళు ఫోనులో నొక్కాలి, పూర్తయ్యాక "అయింది" అని నొక్కాలి. ఆఖరి పట్టు వదలగానే మోటారు ఆగిపోతుంది. మధ్యలో కరెంటు పోయినా ఎవరి వంతూ పోకుండా గుర్తుపెట్టుకుని, కరెంటు రాగానే మళ్ళీ మొదలుపెడుతుంది. ఫోనులో మోటారు ఆపే బటన్ పెట్టలేదు. మనిషి చెయ్యి పడితేనే కదా తప్పులు జరిగేది! అదే నమ్మకంతో స్టార్టరు పెట్టెకి తాళం వేసి తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో పడేసుకున్నాను. పిన్నికైతే ప్రత్యేకంగా చెప్పాను, నువ్వు నీ చేలో వాల్వు కూడా కట్టెయ్యనక్కర్లేదు, నీళ్ళు వాటంతట అవే ఆగుతాయని. ఆవిడ మురిసిపోయింది. పెదనాన్న అన్నిటికీ తలూపి, తన వాల్వు మాత్రం చేత్తో కట్టుకుంటూనే ఉన్నాడు. ముసలాయనకి చాదస్తం అని నవ్వుకున్నాను.

కొన్ని వారాలు బ్రహ్మాండంగా నడిచింది. నడవక ఏం చేస్తుంది, వాళ్ళిద్దరూ ఒకే రోజు తడి పెట్టిన పాపాన పోలేదు. ఈ లోపల పిన్ని మిరప నడుమెత్తు పెరిగి పూత మీదికి వచ్చింది. బాబాయి ఫోను చేసినప్పుడల్లా పూత లెక్క చెప్పేది. పక్క చేలవాళ్ళు వచ్చి చూసి, పర్వాలేదే అన్నారు. మా వైపు రైతు నోట పర్వాలేదే అన్న మాట వచ్చిందంటే సన్మానం చేసినట్టే.

అంతలో చీరాలలో మేనత్త కూతురి పెళ్ళి. రెండు రోజులు ఇంటిల్లిపాదీ ఊళ్ళో ఉండం కదా అని, బయలుదేరే రోజు పొద్దున్నే పెదనాన్న, పిన్ని ఇద్దరూ ఒక తడి పెట్టేశారు. ఇద్దరూ ఫోనులో "అయింది" నొక్కారు. కారెక్కే హడావిడిలో మోటారు చప్పుడు ఆగిందో లేదో వినడానికి ఎవరికి తీరింది? ఆటోమేటిక్ కదా.

ఆ సాయంత్రం పెళ్ళివారింట్లో నేను ఫోను తీసి చూశాను. "నీళ్ళు వాడుతున్నవారు: ఇద్దరు" అని ఉంది. వాళ్ళకింకా తడి కాలేదు కాబోలు అనుకున్నాను. ఆ ఇద్దరూ పక్కగదిలో కూర్చుని తాంబూలాల సంచుల్లో వక్కలు సర్దుతున్నారు. కళ్ళముందు కూర్చున్న మనుషుల్ని కాదని ఫోనులో అంకెని నమ్మాలంటే చాలా చదువు చదివి ఉండాలి.

మర్నాడు మధ్యాహ్నం పెళ్ళి భోజనాలు. మా వరసలో పెదనాన్న, ఎదురు వరసలో పిన్ని. ఇద్దరి పెరుగన్నాలూ అయిపోయాయి, ఇద్దరి చేతులూ ఎండిపోయాయి. పెద్దాయన లేవకుండా లేవకూడదని ఆవిడ, ఆడవాళ్ళ భోజనం కాకుండా లేవకూడదని ఆయన, ఖాళీ విస్తళ్ళ ముందు అలా కూర్చుండిపోయారు. వడ్డించేవాళ్ళు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళారు. చివరికి పెదనాన్నే, "లేద్దామా అమ్మా" అని, ఆవిడ జవాబు కోసం కూడా ఆగకుండా లేచిపోయాడు.

నా ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. మనవాళ్ళ మొహమాటమంతా ఇలాగే తెమిలుతుంది, ఎవరో ఒకరు మాట తప్పి ముందు కదులుతారు. బోరు దగ్గర ఇన్నాళ్ళూ జరిగింది కూడా అదే. నా ప్రోగ్రాములో మాట తప్పేవాళ్ళు లేరు. ఆయన వంతు ఆవిడ కోసం, ఆవిడ వంతు ఆయన కోసం ఎదురుచూస్తూనే ఉంటాయి. ఎవరూ వదలరు, మోటారు ఆగదు. ఫోను తీశాను. ఇద్దరు.

ఆపడానికి బటన్ లేదు, తాళంచెవి నా సంచిలో ఉంది. పెళ్ళివారి కారొకటి అడిగి పిన్నిని ఎక్కించుకుని బయలుదేరాను. విషయం చెబితే ఆవిడ ఒకటే అడిగింది, నా వాల్వు తెరిచే ఉందిగా అని. ఆ తర్వాత దారంతా నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఏం కాదులే, నేల పీల్చేసుకుంటుందిలే అని. నీళ్ళు తొందరగా ఇంకని నల్లరేగడి గురించి మిరప రైతుకి పాఠం చెప్పాను, నా మొహానికి.

పొద్దు వాలేలోపే చేరాం. సాళ్ళు కనబడడం లేదు, మొక్కలు మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాయి. నేను పెట్టె తాళం తీసి మోటారు ఆపేసరికి పిన్ని పట్టుచీర ఎగదోపుకుని, పార తీసుకుని పల్లపు గట్టు తెగ్గొడుతోంది. నీళ్ళు పోయాయి. నాలుగు రోజులు ఎండ కాసేసరికి మొక్కలు తలలు వేలాడేశాయి, పూతంతా రాలింది. పైనున్న కాసిని సాళ్ళు తప్ప చేను చేనంతా పోయింది. బాబాయి వచ్చి గట్టు మీద కాసేపు నిలబడి, వచ్చే ఏటికి కౌలుదారుకి మాటిచ్చేశాడు. పిన్నిని అడగలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ నన్ను ఒక్క మాట అన్నా బాగుండేది. అనలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో మా వృత్తివాళ్ళకి సాటి లేదు. ఆ వారంలోనే తప్పు సరిదిద్దాను. ఇలా ఒకరినొకరు పట్టుకున్నచోట, రెండు పట్టుల్లో ఒకదాన్ని వీక్ పాయింటరు చెయ్యాలి. అంటే ఆ పట్టున్న మనిషి అవతలివాళ్ళు ఉన్నారో లేరో చూసుకోవచ్చు కానీ ఆ మనిషి పట్టు లెక్కలోకి రాదు, దానికోసం ఏదీ ఆగదు. ఒక్క పదం మారిస్తే చాలు. మార్చి, పరీక్షించి, మోటారు ఠక్కున ఆగడం కళ్ళారా చూసి, ఆ శుభవార్త చెబుదామని పిన్ని దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఎండిన మొక్కలు పీకి కట్టలు కడుతోంది. ఏం మార్చావని అడిగింది. చెప్పాను. శ్రద్ధగా విన్నది.

"ఇద్దరిలో ఎవరి మాట తీసేశావు?"

"నీదే పిన్నీ. ఎవరిదో ఒకరిది తియ్యాలి. ప్రోగ్రాముకి ఎవరిదైనా ఒకటే."

"ఒకటే అయినప్పుడు బావగారిది ఎందుకు తియ్యలేదు?"

పెదనాన్నది తియ్యొచ్చన్న ఆలోచనే నాకు రాలేదు. ఆవిడ చేతిలోని కట్టని గట్టు మీదకి విసిరి, మళ్ళీ వంగబోతూ ఆగింది.

"చేను తెలియక పోగొట్టావు, అందుకే నిన్నొక మాట అనలేదు. ఇది మాత్రం తెలిసే చేశావే అమ్మాయ్."