లారీ దిగిన మనిషి పేరు

మా తమ్ముడి కూతురు చైనాలో డాక్టరు చదువు ముగించుకుని కడపకు తిరిగొచ్చింది. ఇక్కడ వైద్యం చేయాలంటే మళ్లీ ఇంకో పరీక్ష రాయాలట. పొద్దస్తమానం పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే పిచ్చెక్కుతోందని, పోయిన వేసవిలో పది రోజులు నా దగ్గరికి వచ్చింది. నేనుండేది కోసిగి పక్కన ఒక పల్లెలో. పుట్టిన ఊరేం కాదు. తెలుగు పంతులుగా వచ్చి, రిటైరయ్యాక కదలబుద్ధి కాక ఇక్కడే ఉండిపోయాను.

‘అక్కడ నీ పేరు నోరు తిరిగేదా వాళ్లకు?’ అని అడిగాను ఒకరోజు. తిరగలేదట. అందుకే భాష నేర్పే టీచరమ్మ దీనికి చైనా పేరు పెట్టిందట. వాళ్లకు నాలుగక్షరాల జాతీయాలు లెక్కలేనన్ని ఉంటాయట. మంచులా నిర్మలంగా, జేడ్ రాయిలా స్వచ్ఛంగా ఉండే మనిషని చెప్పే జాతీయం ఒకటుందట. అందులోంచి మొదటి అక్షరం, చివరి అక్షరం తీసి ఈ పిల్లకు పేరు కట్టింది ఆ తల్లి. అంటే మంచు, శుభ్రం. అక్కడ చాలామంది అమ్మానాన్నలు పిల్లలకు ఇలాగే పేర్లు ఏరుకుంటారట.

“కడప పిల్లకు మంచని పేరా? ఆ టీచరమ్మను మే నెలలో ఒక్క పూట మీ మిద్దె మీద నిలబెట్టాల్సింది” అని ఏడిపించాను.

“జాతీయాల్లోంచి మనుషుల పేర్లు రావడమే కాదు పెదనాన్నా, మనుషుల పేర్లు కూడా జాతీయాల్లోకి పోతాయి అక్కడ” అంది. ఏనాడో ఒక ప్రభువు కొలువులో ఎవరూ పట్టించుకోని మనిషి ఒకాయన ఉండేవాడట. కష్టమైన రాయబారానికి ఒక మనిషి తక్కువైతే, తనే లేచి నేనొస్తానన్నాడట. ఈనాటికీ ఎవరైనా తనంతట తాను ముందుకొస్తే చైనావాళ్లు ఆయన పేరే చెబుతారట.

నాకు కొంచెం రోషం వచ్చింది. చైనావాళ్లకేనా, మాకు లేవా? ఈ మండలం పలుకుబళ్లన్నీ ఎక్కించిన నా నోటుబుక్కు తెచ్చి, అందులో నాకు బాగా ఇష్టమైనది చదివి వినిపించాను. ఒక మనిషి పేరు, దాని పక్కన ‘ప్రయాణం’. ఆ పేరు ఇక్కడ రాయను. ఎందుకో మీకే తెలుస్తుంది. పేరు ఉండాల్సిన చోట ‘ఆయప్ప’ అని రాస్తున్నాను.

ఇక్కడ వానలు మొహం చాటేస్తే ఊరికి ఊరు లారీలెక్కి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతుంది. సుగ్గికి పోవడమంటారు దాన్ని. ఆయప్ప కూడా లారీ ఎక్కేవాడట. ఇంజను మోగగానే కప్పుకునే కంబడి మరిచానని దిగేవాడట. మళ్లీ ఎక్కేవాడు, మళ్లీ ఆకువక్క సంచి మరిచానని దిగేవాడు. మూడోసారి దిగితే డ్రైవరు విసిగిపోయి లారీని ముందుకు ఉరికించాడట. అప్పటి నుంచి ఎవరైనా బయల్దేరీ బయల్దేరనట్టుంటే ‘ఆయప్ప ప్రయాణం’ అంటారు. నేను అభినయంతో సహా చెప్పాను. ఈ కథ చెప్పి నవ్వించడంలో నాకు పేరుంది.

పిల్ల నవ్వలేదు. “ఎందుకు దిగేవాడు?” అంది.

“మరిచిపోయి.”

“ఒకే మనిషి ఒకే లారీలోంచి మూడుసార్లు మరిచిపోయి దిగుతాడా పెదనాన్నా? మా టీచరమ్మ ఏ మాట చెప్పినా దాని వెనక కథంతా చెప్పందే వదిలేది కాదు.”

అసలు ఆయప్ప ఎప్పటివాడో కూడా నాకు తెలియదు. ఈ ఊళ్లో సగం మంది మగవాళ్లకు అదే పేరు. నేను ఉద్యోగానికి వచ్చేసరికే మాట వాడుకలో ఉంది కాబట్టి, తాతల కాలం నాటిదనుకున్నాను. పిల్ల కడపకు వెళ్లిపోయినా ఆ ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

ఆ తర్వాతి వారం మా ఆసుపత్రి నర్సమ్మ, చంకలో రెండు నెలల కొడుకుతో, అత్తను వెంటబెట్టుకుని వచ్చింది. ఒకప్పుడు నా దగ్గర ఏడో తరగతి చదివిన పిల్లే. ఊళ్లో ఎవరికి బిడ్డ పుట్టినా పేరు కోసం నా అరుగు ఎక్కడం అలవాటు. అత్త కొంగుముడి విప్పి, గుడి పంతులు నక్షత్రం చూసి రాసిచ్చిన అక్షరం చీటీ నా చేతిలో పెట్టింది.

“మంచి పేరు సూడు సారూ. మా ఇంట్లో తొలి మనవడు.”

“తొలి మనవడంటే తాత పేరు పెట్టుకుంటారు కదమ్మా. చీటీతో పనేముంది?” అన్నాను.

“నా మొగుని పేరు పెద్దకొడుకు బిడ్డకని దాపెట్టినాము. ఇంగ ఈమె నాయన పేరంటావా, అదొద్దు” అంది అత్త గట్టిగా. “ఊర్లో ఎందరికున్నా, ఈమె బిడ్డకు ఆ పేరు పెడితే వీధిలోకి పోయినప్పుడల్లా ఎక్కిరిస్తారు.”

“ఎందుకు ఎక్కిరిస్తారు?”

అత్త తల పక్కకు తిప్పుకుంది. నర్సమ్మే చెప్పింది, బిడ్డ వైపు చూస్తూ. “ఆయప్ప ప్రయాణం అంటారు గదా సార్. ఆయప్ప మా నాయనే.”

ఆమె గొంతు పెంచలేదు.

“మా యమ్మ పోయినాక నేను, మా అవ్వే ఉంటిమి. అవ్వకు చూపు లేదు. నాకు ఆరేండ్లు. నన్ను లారీ ఎక్కిస్తే బడి మానాల, ఇడిసిపెడితే ఈడ దిక్కు లేదు. నాయన లారీ ఎక్కితే నేను ఏడవలేదు సార్. ఏడిస్తే తిట్టి పోతాండె. గోడ పట్టుకోని ఊరకే చూస్తాంటి. కంబడి కోసరం కాదు, నాకు కుండలో నీళ్లు అందుతాయా లేదా అని చూసేదానికి దిగినాడు. రెండోసారి తలుపు గడియ అందుతాదా అని. మూడోసారి వచ్చి నా పక్కన కూచున్నాడు, అంతే. లారీ పోయింది. మళ్లీ ఏ యేడూ పోలేదు. ఈడనే రాళ్లు కొట్టి సదివించినాడు.”

ఆయన పోయి నాలుగేళ్లయిందని కూడా చెప్పింది. ఆసుపత్రి దారిలో నాకు నమస్కారం పెట్టి పక్కకు తప్పుకునే మనిషి. నేను తల ఊపి పోయేవాణ్ని.

“మీకు గుర్తుందో లేదో సార్. ఏడో తరగతిలో మమ్మల్ని అహోబిలానికి తోలుకపోయినారు. బస్సు కదిలేటప్పుడు నేను దిగి వెనక్కి ఉరికితి. ‘ఏం పాపా, ఆయప్ప ప్రయాణమా నీది?’ అంటిరి మీరు. బస్సంతా నవ్వింది. నాయన బస్సు కిటికీ కాడే నిలబడినాడు. నేను ఉరికింది ఆయన కాడికే. ఆయన గూడా నవ్వినాడు సార్, అందరితో పాటు.”

నాకు గుర్తులేదు. అదే నన్ను ఎక్కువగా కోసింది. తెలుగు పంతుల్నని మీసం తిప్పుకుంటూ, ఒక తండ్రిని ఆయన బిడ్డ కళ్లముందే నవ్వులపాలు చేసి, ఆ సంగతే మరిచిపోయి ఇన్నేళ్లు హాయిగా అన్నం తిన్నాను. “తప్పయిందమ్మా” అన్నాను. ఆ మాట చాలదని అంటున్నప్పుడే తెలుస్తోంది. చీటీ మడిచి అత్త చేతిలో పెట్టేశాను. “నేను రాయాల్సొస్తే ఆ పేరొక్కటే రాస్తాను. వద్దంటే ఇంకెవరి దగ్గరికైనా పోండి” అన్నాను. నా కోపం నా మీదే గానీ, మాట మాత్రం ఆమె మీద పడింది.

అత్త చీటీని చేతిలో అటూ ఇటూ తిప్పింది. కోడలి వైపు చూసింది, బిడ్డ వైపు చూసింది.

“ఆ లారీలో నేనుంటి సారూ” అంది. “శానా నవ్వితిమి. నవ్వుకుంటానే పోతిమి. నా ఇద్దరు కొడుకులు నా పక్కనే కూచోనుండిరి, పలకలు ఇంట్లో పెట్టి. మళ్లీ ఒక్కడు గూడా బడి మొగం సూడల్యా. దిగినోడు ఆయప్ప ఒక్కడే.” కొంగుతో మొహం తుడుచుకుంది. “అదే పెట్టు. ఎవురు ఎక్కిరిస్తారో నేను సూస్తా.”

ఆమె అలా అనగానే నర్సమ్మ ఏడ్చింది. ఆ రోజు గోడ పట్టుకుని ఏడవని పిల్ల, నా అరుగు మీద బిడ్డను పట్టుకుని ఏడ్చింది.

మా తమ్ముడి కూతురికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. నోటుబుక్కులో ఆ మాట కొట్టేయలేదు. కింద కథంతా రాశాను, అహోబిలం బస్సుతో సహా.

పిల్లవాడికి ఇప్పుడు ఏడాది దాటింది. మొన్న పొద్దున మా అరుగు ముందు ఆటో ఆగింది. నర్సమ్మ డ్యూటీకి పోతోంది. నాయనమ్మ చంకలో ఉన్న పిల్లవాడు వాళ్లమ్మ వైపు చేతులు చాచి చూస్తున్నాడు, ఏడవకుండా. ఆమె ఆటో దిగి వాడి బుగ్గ తుడిచి ఎక్కింది. రెండడుగులు కదిలాక మళ్లీ ఆపించి దిగింది. ఆటో కుర్రాడు కొత్తగా తోలుతున్నవాడు, ఆమె ఎవరి కూతురో తెలియదు. హారను కొట్టి నవ్వుతూ అన్నాడు.

“ఇదేందక్కా, ఆయప్ప ప్రయాణం మాదిరి?”

ఆమె కొడుకును ఎత్తుకుని వెనక్కి తిరిగింది.

“అవునప్పా. నేను ఆయప్ప కూతుర్నే. రోంత సేపు ఉండు.”